డాలీకి ఒక్క గిన్నె

పొద్దున్నే డాలీ వరండాలో కక్కింది. నీలవేణి పాత గుడ్డా బకెట్టూ పట్టుకొచ్చి వంగి చూస్తే ఇంటిల్లిపాదీ చేసిన నిర్వాకం అందులోనే కనబడింది. డాక్టరుగారు పెట్టమన్న కుక్కమేత గుళికలు ఉన్నాయి, బాగానే ఉంది. వాటి పక్కన సగం అరిగిన పచ్చి కోడి కార్జం ముక్క. దానికి అంటుకుని పెరుగన్నం మెతుకులు. గుళికలు తప్ప ఇంకేమీ పెట్టబోమని దేవుడి గది ముందు నిలబడి ఒప్పుకుని వాళ్లకి పట్టుమని పది రోజులు కాలేదు.

"ఎవరండీ దీనికి కార్జం పెట్టింది?" అని ఇల్లదిరేలా అరిచింది.

భర్త శ్రీనివాసరాజు పేపరు ఇంకాస్త పైకెత్తాడు. అత్తగారు పెద్దింట్లమ్మ తులసికోట చుట్టూ మరో రెండు ప్రదక్షిణాలు పెంచుకుంది. భీమవరంలో ఫార్మసీ చదువుతున్న కూతురు కీర్తిప్రియ ఫోన్లో తల దూర్చేసింది. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. రొయ్యల చెరువులున్న ఇల్లు కాబట్టి ఆ సామెత వాళ్లకి అతికినట్టు సరిపోయింది.

డాలీ లాబ్రడారు. ముద్దుగా తెచ్చుకున్నది కూతురు, పేరు పెట్టింది భర్త, పెంచింది నీలవేణి. వంటింట్లోంచి పెరట్లోకీ పెరట్లోంచి మేడ మీదికీ ఆమె కాలి వెనకే తిరిగేది. ఆ ఇంట్లో ఆమె చెప్పిందల్లా ఎదురు చెప్పకుండా వినే ప్రాణి అదొక్కటే. అలాంటిదానికి ఏడాదిగా ఒళ్లంతా పుళ్లు. పొట్ట కింద చర్మం ఎర్రగా కమిలిపోయింది, చెవులు కంపు కొడుతున్నాయి, బొచ్చు చీపురు పెట్టి ఎత్తాల్సినంత రాలుతోంది. గోక్కుని గోక్కుని రక్తం వచ్చేదాకా ఆగదు.

జబ్బు దానిది, యుద్ధం మాత్రం మనుషులది.

శ్రీనివాసరాజుది పచ్చిమాంసం పార్టీ. ఫోన్లో ఎవరో గడ్డపాయన తోడేళ్ల మధ్య కూర్చుని చెప్పే వీడియోలు చూసి మారిపోయాడు. "ఆ గుళికల సంగతి నన్నడుగు. నేను చెరువులో చల్లే మేతకీ దానికీ బస్తా మీద బొమ్మే తేడా. కుక్క అంటే ఏంటనుకున్నావు? తోడేలు!" అనేవాడు.

"తోడేలైతే ఏసీ గదిలో దుప్పటి కప్పుకుని పడుకోదండీ" అనేది నీలవేణి.

రొయ్యల రైతులకి ఒక పద్ధతి ఉంది. మేత వేసేటప్పుడు వలగుడ్డ బిగించిన పళ్లెంలో కొంచెం వేసి నీళ్లలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగి చూస్తే పళ్లెం ఖాళీగా ఉంటే మేత పెంచాలి, మిగిలి ఉంటే తగ్గించాలి. దాన్నే చెక్ ట్రే అంటారు. ఇరవై ఏళ్లుగా అదే చేతిలో ఉన్న మనిషి డాలీ గిన్నెకీ అదే లెక్క వర్తింపజేశాడు. గిన్నె ఖాళీ అయింది, పెంచు. మళ్లీ ఖాళీ అయింది, ఇంకా పెంచు. లాబ్రడారు ఖాళీ చెయ్యని గిన్నె ఈ భూమ్మీద పుట్టలేదని ఆయనకి ఎవరు చెప్పాలి? కుక్క పీపాలా తయారైంది, విరేచనాలు పట్టుకున్నాయి. వరండా కడిగింది మాత్రం నీలవేణి.

కీర్తిప్రియది గుళికల పార్టీ. "పచ్చిమాంసంలో క్రిములుంటాయి డాడీ, మనకి కూడా అంటుకుంటాయి" అని నెలకో కొత్త కంపెనీ సంచీ తెప్పించేది. సాల్మన్ చేప అని ఒకటి, గొర్రె అని ఒకటి, ధాన్యం లేనిదని ఇంకొకటి. పెద్దింట్లమ్మది మూడో పార్టీ. "మీరిద్దరూ ఇద్దరే. అన్నం తినే ఇంట్లో ఉన్న కుక్కకి అన్నం పెట్టకపోతే ఆ పాపం ఎవరికి?" అని మధ్యాహ్నం అందరూ నడుం వాల్చగానే పెరుగన్నం కలిపి పెట్టేది.

పాలకొల్లులో పశువుల డాక్టరు హరిబాబు గారు చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏదో తిండి పడట్లేదండి దీనికి. ఏది పడట్లేదో తెలియాలంటే రెండు నెలలు ఒక్కటంటే ఒక్కటే పెట్టాలి. పచ్చిమాంసం పెట్టేవాళ్లూ ఉన్నారు కానీ క్రిములతో భయం, అన్ని పోషకాలూ సరిగ్గా అందవు. నన్నడిగితే ఈ రకం గుళికలు పెట్టండి. మధ్యలో ఇంకో మెతుకు వెళ్లినా మొదటికొస్తుంది."

"ఇంజక్షన్ చేస్తే తగ్గుతోంది కదండి?" అన్నాడు శ్రీనివాసరాజు.

"ఆ ఇంజక్షన్లతోనే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం రాజుగారూ. లివరు అప్పుడే దెబ్బతింది. ఇంకా పొడిస్తే పోయేది దురద కాదండి, కుక్కే."

ఆ మాట నీలవేణి గుండెల్లో దిగబడిపోయింది. ఇంటికొచ్చి అందరినీ నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. పైగా కార్తీకమాసం. నెల్లాళ్లు ఇంట్లోకి మాంసం రాదు కాబట్టి భర్త చేతులు వాటంతటవే కట్టుబడతాయని ధైర్యం.

"కార్తీకం మనకి గానీ కుక్కకేంటి కార్తీకం?" అన్నాడాయన.

"దానికి లేకపోయినా ఇంటికి ఉందిరా" అంది పెద్దింట్లమ్మ.

ఇంట్లోకి రాదు, నిజమే. చెరువు గట్టు మీదికి రావచ్చు కదా! సాయంత్రం షికారు వంకతో డాలీని తీసుకెళ్లి గట్టు మీదున్న షెడ్డులో కార్జం పెట్టాడు. అత్తగారు దీపం పెట్టి నైవేద్యం పంచేటప్పుడు డాలీ ముఖం చూసి ఆగలేకపోయింది. కూతురేమో డాక్టరు చెప్పిన రకం గుళికలే పెట్టింది కానీ, అవి చప్పగా ఉన్నాయని పైన ఇంకో కంపెనీ పొడి చల్లింది. తిలాపాపం తలా పిడికెడు.

ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగితే ఒక్కరూ తప్పు చేశామనుకోలేదు. అదీ నీలవేణికి అరికాలి మంట నెత్తికెక్కించింది. ఈ ప్రాంతంలో తినమనడం పలకరింపు లాంటిది. వద్దంటే మొహమాటం అనుకుంటారు, మళ్లీ వద్దంటే అలిగారనుకుంటారు, మూడోసారి అడక్కుండానే వడ్డించేస్తారు. మనుషులైతే అరాయించుకుని పోతారు. డాలీకి మొహమాటమూ లేదు, అలకా లేదు. పెట్టిందల్లా తిని తోకాడించింది.

కక్కిన నాలుగో రోజుకి పొట్ట మీద పుళ్లు పగిలి చీము పట్టాయి. హరిబాబు గారు చూశారు గానీ ఏమీ తిట్టలేదు. "ఇంట్లో ఉంచి మీరు చెయ్యలేరమ్మా" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే నీలవేణి సూర్యరాజుకి ఫోన్ చేసింది.

సూర్యరాజు శ్రీనివాసరాజుకి పెదనాన్న కొడుకు. జంగారెడ్డిగూడెం అవతల పామాయిల్ తోట. భార్య పోయాక ఒక్కడే ఉంటాడు. ఎంగిలిచేత్తో కాకిని తోలడని చుట్టాలందరిలో పేరు. ఒకసారి శుభలేఖ ఇవ్వడానికి వీళ్లు అంత దూరం వెళ్తే, ఉగ్గుగిన్నెంత గ్లాసులో కాఫీ పోసి, "భోజనానికి ఎక్కడ ఆగుతున్నారు?" అని అడిగాడు. మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చిన మనిషిని అడగాల్సిన మాటేనా అది? ఆ కథ ఇప్పటికీ పెళ్లిపందిట్లో చెప్పుకుని నవ్వుకుంటారు.

"బావగారూ, డాలీని రెండు నెలలు మీ దగ్గర ఉంచాలండి" అంది నీలవేణి.

"నాకు కుక్కలంటే పడదమ్మా. ముద్దు చెయ్యను, ముందే చెప్తున్నాను."

"ముద్దు చెయ్యరనే మీ దగ్గరికి పంపుతున్నానండి. గుళికలు నేనే పంపుతాను. పొద్దున ఒక డబ్బా, సాయంత్రం ఒక డబ్బా. ఇంకేమీ వద్దు."

"ఇంకేమీ పెట్టే అలవాటు నాకు లేదు" అన్నాడాయన.

ఇంట్లో గోల గోలయింది. "ఆయన దగ్గరా! పిల్లికి బిచ్చం పెట్టడు, దాన్ని మాడ్చి చంపేస్తాడే!" అని పెద్దింట్లమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. శ్రీనివాసరాజు రెండు పూటలు భార్యతో మాట్లాడలేదు. నీలవేణి వినలేదు. తనే కారెక్కి దింపి వచ్చింది. వచ్చేటప్పుడు అది గేటు సందులోంచి మూతి పెట్టి చూసిన చూపు ఆమె వెంటే ఇంటిదాకా వచ్చింది.

రెండు నెలలూ ఆమెకి వంటింట్లో కాళ్లకి అడ్డంపడేవాళ్లు లేరు, మాట వినేవాళ్లూ లేరు. ఫోన్ చేస్తే సూర్యరాజు "బతికే ఉంది" అని పెట్టేసేవాడు. ఫొటో పంపమంటే, "దాని మొహం నీకు తెలుసు కదమ్మా" అన్నాడు. ఒళ్లు మండిపోయేది. అయినా చెయ్యగలిగిందేమీ లేదు.

గడువు తీరాక అందరూ కారులో బయల్దేరారు. తోట గేటు తీసేసరికి డాలీ బాణంలా వచ్చి నీలవేణి మీద పడింది. ఆమె నేల మీదే కూర్చుని దాన్ని వెల్లకిలా తిప్పి చూసింది. పొట్ట కింద పుండు లేదు, మచ్చ లేదు. చెవులు శుభ్రంగా ఉన్నాయి. బొచ్చు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. నడుం కూడా వచ్చింది! నీలవేణి అది నాకుతున్నా మొహం తుడుచుకోకుండా ఏడ్చింది. ఏడాదిగా కడిగిన వరండాలన్నీ, తిన్న తిట్లన్నీ ఆ ఏడుపులో పోయాయి.

"చూశారా, గుళికలే!" అంది కీర్తిప్రియ.

"ఏం కాదు. ఈ తోటలో ఎలుకలకి లోటా? పచ్చిగా పట్టుకుని తిని ఉంటుంది, అందుకే తగ్గింది. కదన్నయ్యా?" అన్నాడు శ్రీనివాసరాజు.

"నేను చూడలేదు. డబ్బా పోసి లోపలికి పోతాను" అన్నాడు సూర్యరాజు.

నీలవేణికి నవ్వొచ్చింది. ఎవరు గెలిస్తే ఏం, కుక్క దక్కింది. సూర్యరాజు కాఫీ తెచ్చాడు, ఆశ్చర్యంగా రెండు బిస్కెట్లు కూడా పెట్టాడు. అరుగు మీద కూర్చుని తాగుతుంటే డాలీ ఆమె మోకాలి మీద గడ్డం ఆనించి, కళ్లెత్తి చూసింది. ఎన్నాళ్లయింది ఆ చూపు చూసి! మెడ నిమురుతూ, చెవి వెనక గోకుతూ, "నన్ను మర్చిపోలేదు కదే తల్లీ" అంటూ ఆమె చాలాసేపు అలాగే ఉండిపోయింది.

అంతలో కారు డిక్కీ తెరిచిన చప్పుడైంది. డాలీ చెవులు నిక్కబొడుచుకుని అటు పరిగెత్తింది. నీలవేణి ఏదో అనుమానమొచ్చి వెనకే వెళ్లింది.

డిక్కీలో రొయ్యలు పరీక్షకి పంపే థర్మకోల్ పెట్టె మూత తీసి ఉంది. ఐసు మధ్యలోంచి శ్రీనివాసరాజు మాంసం ముక్క తీస్తున్నాడు. పెద్దింట్లమ్మ స్టీలు డబ్బాలోంచి సున్నుండ తీసి చిదుపుతోంది. కీర్తిప్రియ చేతిలో ఇంకో కంపెనీ గుళికలున్న మెరిసే కాగితం పొట్లం.

"ఏం చేస్తున్నారండీ మీరు!"

"తగ్గిపోయింది కదే" అన్నాడు శ్రీనివాసరాజు, నిజంగానే అర్థం కానట్టు.

"బిడ్డ ఎంత చిక్కిపోయిందో చూడు" అంది అత్తగారు.

"మీకు చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది! అది చచ్చిపోతుందని డాక్టరుగారు చెప్పారు, అర్థం కావట్లేదా మీకు? దాన్ని చంపుతోంది జబ్బు కాదు, మీరు! మీ చేతులు ఊరుకోవు. ఒక్క ప్రాణిని దాని మానాన బతకనివ్వడం ఈ ఇంట్లో ఒక్కరికీ చేతకాదా?"

తోటంతా వినబడేలా అరిచింది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మొగుడు కూడా ముక్కని మళ్లీ ఐసులో దూర్చేశాడు. కీర్తిప్రియ మెల్లిగా అంది.

"అమ్మా, నీ చేతిలో ఏంటి?"

నీలవేణి చూసుకుంది. చేతిలో సగం బిస్కెట్టు ఉంది. తను కొరికిన గుర్తు లేదు. విరిచిన గుర్తూ లేదు. డాలీ మూతి మీద మాత్రం బిస్కెట్టు పొడి అంటుకుని ఉంది.

ఆమె డాలీ పట్టీ పట్టుకుని వెనక్కి నడిపించుకుపోయింది. ఇంటికి వెళ్తున్నామనుకుని అది ఎగురుతూ వచ్చింది. అరుగు పక్కనున్న గొలుసు తీసి పట్టీకి తగిలించింది.

"ఏంటమ్మా, తీసుకెళ్లట్లేదా?" అన్నాడు సూర్యరాజు.

"లేదండి బావగారూ. దీన్ని మీరే ఉంచుకోండి." డాలీ మూతి మీది పొడి కొంగుతో తుడిచింది. "మళ్లీ మేం ఎప్పుడైనా వస్తే గేటు తియ్యకండి. నేనొక్కదాన్నే వచ్చి, ఏడ్చి అడిగినా సరే, తియ్యకండి."

సూర్యరాజు తలూపాడు. నీలవేణి వెళ్లి కారు ముందు సీట్లో కూర్చుని అద్దం ఎక్కించేసింది. వెనక డాలీ అరుపులు గేటు దాటేదాకా వినబడుతూనే ఉన్నాయి.