అంబ్రుష్ గొంతు

తీసా నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బడిలో రోజూ మొదటి గంట పాటే. వాయిద్యం పట్టకముందే పిల్లలకు సొంత గొంతు తెలియాలి, సొంత ఊరి పాట రావాలి అని స్వరకర్త కొదాయ్ చెప్పిన మాటను గిజెల్లా టీచరు మనసారా నమ్మింది.

ఫిబ్రవరిలో ఓ పొద్దున మాంసం కొట్టు అంబ్రుష్, నడుముకు కట్టిన గుడ్డయినా విప్పకుండా తరగతిలోకి వచ్చాడు.

"టీచరమ్మా, మా పాప కతింకా ఇంట్లో ఒకటే కూనిరాగాలు. ఎక్కం అడిగితే నీళ్ళు నములుతోంది. ఈ పాటలు కూడు పెడతాయా?"

"ఒక్క గంట కూర్చోండి. తర్వాత పోట్లాడుదురుగాని."

చిన్న బల్లలో అతని మోకాళ్ళు ఇరుక్కున్నాయి. పిల్లలు కిసుక్కుమన్నారు. ఒక్కో స్వరానికి ఒక్కో చేతి గుర్తు. గిజెల్లా అరచేతిని గుండెకెదురుగా నిలిపింది. "సొ" అని పాడారు పిల్లలు. చేతిని కాస్త దించి బోర్లా పరిచింది. కింది స్వరం "మి" అన్నారు. అంబ్రుష్ నోరు మెదపలేదు.

"మీరూ పాడాలి."

"నా వల్ల కాదమ్మా. గాడిదలా ఓండ్రపెట్టకు, ఊరికే పెదాలాడించు అన్నారు మా చిన్నప్పటి మాస్టారు."

కతింకా తల దించుకుంది. ఇలాంటి మాట గిజెల్లా చాలామంది నోట విన్నది. ఒక్కసారీ నమ్మలేదు.

"సాయంత్రం పాపను ఇంటికెలా పిలుస్తారు?"

అంబ్రుష్ అనుమానంగా చూశాడు. తర్వాత వీధిలోకి కేకేసినట్టే, "కతిన్... కా!" అన్నాడు.

"సొ, సొ, మి!" అని ఆ పిలుపులోని స్వరాలు గుర్తుపట్టి అరిచింది తరగతంతా.

"విన్నారా? మీ గొంతుకేం లోపం లేదు. లోపం మీ మాస్టారి చెవిలో ఉంది."

అతను మళ్ళీ పిలిచాడు, ఈసారి మెల్లగా, వింటూ. కళ్ళు తడిశాయి. గంట కొట్టినా లేవలేదు.

"మరి ఎక్కాలో?" అన్నాడు చివరికి, పట్టు వదలకుండా.

"అవీ నేర్పుతాను. పాట మాత్రం మాన్పించను."

వేసవి వచ్చేసరికి గురువారం సాయంత్రాలు తల్లిదండ్రులూ అదే గదిలో పాడసాగారు. కింది స్వరాలన్నీ అంబ్రుష్‌వే. పక్కనున్న రొట్టెల కొట్టాయన శ్రుతి తప్పితే ఆయన్ని మోచేత్తో పొడిచేవాడు.

"వచ్చేవారం మా తమ్ముణ్ణి లాక్కొస్తా టీచరమ్మా. వాడు నాకంటే ఘోరం."

"తీసుకురండి, చూద్దాం" అంటూ గిజెల్లా ఆ తమ్ముడి కోసం అప్పుడే ఇంకో కుర్చీ జరిపింది.