గేటు దగ్గర ఊడిన కడసీల

నరసరావుపేట రైలుగేటు సంగతి ఈ కాలం వాళ్లకు చెబితే నమ్మరు. నమ్మకపోతే పోయె, వినడానికేం? యుద్ధం నడుస్తున్న రోజులవి. సంత నాడు ఆ గేటు ముందు బండి ఆగిందంటే మళ్లీ ఎప్పుడు కదిలేదీ ఎద్దులకూ తెలియదు, తోలేవాడికీ తెలియదు. పచ్చిమిరపకాయలతో వచ్చి ఆగిన బండి ఎండుమిరపకాయలతో సంతలో దిగేది. గంపెడు గుడ్లతో బయల్దేరిన ఒక ముసలమ్మ, గేటు తెరిచేసరికి గంపెడు కోడిపిల్లల్ని అదిలించుకుంటూ సంతకు నడిచిందట. ఆ కోళ్ల సంతతి ఇప్పటికీ ఆ పేటలోనే తిరుగుతోంది. అనుమానముంటే వెళ్లి వాటినే అడగండి.

తప్పు గేటుది కాదు. ఊరు ఒళ్లు చేసింది, చొక్కా మాత్రం పాతదే. పత్తి మిల్లులు వచ్చాయి, నూనె మిల్లులు వచ్చాయి, వాటి వెనకే కూలి కోసం చుట్టుపక్కల పల్లెలు తరలివచ్చాయి. రోడ్డు మాత్రం రెండు బండ్లు ఎదురుపడితే ఇరుసులు రాసుకునేంత వెడల్పే. దాని మీదే మిరప బండ్లు, నాపరాళ్ల బండ్లు, జట్కాలు, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే బస్సు. ఆ బస్సుకు ఊపిరి అందక ఎక్కడ ఆగితే ఊరంతా అక్కడే ఆగేది.

ఈ చిక్కు విప్పడానికి మున్సిపాలిటీ ఒక మనిషిని పెట్టింది. పేరు శౌరి, సొంతూరు రాజుపాలెం. ఒంటి మీద ఖాకీ చొక్కా, ఒక చేతిలో ఎర్రగుడ్డ, ఇంకో చేతిలో పచ్చగుడ్డ. ఊళ్లో ప్రతివాడూ ఆ గేటును తిట్టిపోసేవాడు. తిట్టనివాడు ఒక్కడే, బండ్లను కదిలించడానికి జీతం తీసుకుంటున్న ఈ శౌరి.

ఎందుకంటే ఆ ఆగిన బండ్లలో ఒకదాని మీద అతని పెళ్లాం గ్రేసమ్మ ఉండేది.

ఫాదరు గారి గుడిలో పెళ్లయి ఏడాది దాటినా ఇద్దరికీ ఒక కప్పు కిందకు చేరే యోగం కుదరలేదు. పేటలో గది దొరకడమంటే పాము కాళ్లు చూడటమే. జనం మెట్ల కింద అద్దెకున్నారు, పశువుల కొట్టంలో గడ్డి జరిపి అద్దెకున్నారు. ఒక ఆసామి తన పెరట్లో వేపచెట్టు నీడను పొద్దుటిపూట ఒకరికీ, సాయంత్రంపూట ఒకరికీ బాడుగకిచ్చాడట. మబ్బు పట్టిన రోజున ఇద్దరూ కొట్టుకున్నారట. శౌరి ఏ గుమ్మం ముందు నిలబడినా ముందు పేరు అడిగేవాళ్లు, తర్వాత ఏ పేట అని అడిగేవాళ్లు, ఆ తర్వాత గది ఎవరికో మాటిచ్చామని గుర్తుకు తెచ్చుకునేవాళ్లు. అతను సత్రం అరుగు మీద పడుకునేవాడు. ఆమె రాజుపాలెంలో తల్లి దగ్గర ఈత చాపలు అల్లుతూ ఉండేది.

సంతకు సంతకు ఆ చాపలు జబ్బార్ మిరప బండి మీద వేసుకుని వచ్చేది. బండి అతనిదే, ఊరి వరసకు ఆమెకు బాబాయి. బండ్లు కదిలితే శౌరికి తల తిప్పే తీరిక ఉండదు. బండ్లు ఆగిపోతేనే, చిక్కు విప్పే నెపం మీద ఎద్దుల మధ్య నుంచి దూరి ఆమె దాకా వెళ్లేవాడు.

"ఏంది మావా, అట్టా చిక్కిపోయావ్?"

"హోటలు కూడే. పప్పులో రాళ్లు కాదు, రాళ్లలో పప్పు ఏరుకోవాల."

"గది దొరికిందా?"

"దొరుకుద్దిలే."

"ఇంత ఊరు ఉంది గదా, మనిద్దరం కాళ్లు చాపుకునే జాగా లేదా?"

"కాళ్లు ముడుచుకునే జాగాకే కొట్టుకు చస్తన్నారే."

జబ్బార్ ముందు నుంచి కేకేసేవాడు. "ఒరేయ్ అల్లుడా, బండ్లు కదిలిస్తన్నావా, కాపరం చేస్తన్నావా?"

ఆమె బండిలో ఎప్పుడూ ఒక పెద్ద చాప ఉండేది, ఇద్దరు పడుకునేంత వెడల్పుది. ఎవరు బేరమాడినా అమ్మేది కాదు. రాజుపాలెం నుంచి వచ్చేది, మళ్లీ రాజుపాలెం వెళ్లేది. జబ్బార్ దాన్ని ఊళ్లు తిరిగిన చాప అని ఎగతాళి చేసేవాడు.

అలా ఉండగా మున్సిపాలిటీ ఓవర్సీరు సాంబశివరావు గారికి ఒక ఆలోచన తట్టింది. రోడ్డు మీదికి పెరిగిన దుకాణాల పందిళ్లు పీకించి, నడుమ సున్నం కొట్టిన రాళ్లు పాతించారు. వచ్చే బండ్లు ఇటు, పోయే బండ్లు అటు. శౌరిని పిలిచి గేటు పక్కనున్న నాపరాళ్ల గది చూపించారు. ఒకప్పుడు బండ్ల దగ్గర సుంకం వసూలు చేసిన గది అది. ఇప్పుడు వీధి దీపాల కిరసనాయిలు డబ్బాలు దాస్తున్నారు.

"ఒరేయ్ శౌరీ, చైర్మన్ గారు తనిఖీకి వస్తారు. ఆనాటికి ఒక్క బండి కూడా ఇక్కడ ఆగకూడదు. అట్లా నడిపించావా, ఈ గది నీది. పెళ్లాన్ని తెచ్చుకో."

ఆ పొద్దు డబ్బాల వాసన కూడా శౌరికి మల్లెపూల వాసనలా తోచింది.

గ్రేసమ్మకు మాత్రం చెప్పలేదు. ఇదివరకు ఒక గది ఖాయమైందని చెబితే ఆమె పొయ్యిరాళ్లతో సహా దిగింది. తీరా చూస్తే అందులో వేరెవరో పొయ్యి వెలిగించుకుని ఉన్నారు. ఆ రాళ్లు మళ్లీ బండెక్కించినప్పుడు ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని శౌరి అనుకున్నాడు. అందుకే ఈసారి తాళంచెవి చేతికొచ్చేదాకా నోరు విప్పనని ఒట్టు పెట్టుకున్నాడు.

మరుసటి సంత నుంచి బండ్లు ఏరులా సాగాయి. జబ్బార్ బండి రాగానే శౌరి పచ్చగుడ్డ ఊపాడు. ఆమె ముఖం చూస్తే చెయ్యి తడబడుతుందని ఎద్దుల కొమ్ములనే చూశాడు. బండి దాటిపోయాక, అది లేపిన దుమ్ము వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ పై సంతా అంతే.

"బాబాయ్, ఆ మనిషి నన్ను చూడను కూడా చూడలేదు" అంది గ్రేసమ్మ.

"సర్కారు నౌకరు గదమ్మా. గుడ్డ పట్టుకున్నోడికి కళ్లు ఆ గుడ్డలోనే ఉంటయ్."

ఆమె పెద్ద చాపను ఒళ్లోకి లాక్కుని కూర్చుంది.

పట్టాలు దాటబోయే ముందు బండి దిగి కడసీల తట్టి చూడటం పల్నాటి బండివాళ్ల అలవాటు. చక్రం ఇరుసు మీంచి జారకుండా కొసన దిగగొట్టే ఇనుప మేకే కడసీల. పట్టాల కుదుపుకు అది లేచిపోతుంది. జబ్బార్ ఎద్దుల ముకుతాళ్లు పట్టుకుంటాడు కాబట్టి రాయి పుచ్చుకుని దాని నెత్తిన ఒక్కటి వేసే పని గ్రేసమ్మది.

చైర్మన్ గారు తనిఖీకి వచ్చిన సంత నాడు గ్రేసమ్మ రాయి పుచ్చుకుని దిగింది. కడసీలను పై నుంచి కాక కింద నుంచి కొట్టింది.

బండి పట్టాలు దాటింది, నాలుగు బారలు పోయింది. చక్రం సెలవు తీసుకుని తన దారిన తాను దొర్లుకుంటూ పోయి సోడాల కొట్టు ముందు పడుకుంది. బండి ఒరిగింది, బస్తాలు పగిలాయి, ఎండుమిరపకాయలు రోడ్డంతా పరుచుకున్నాయి. వెనక వచ్చిన ఎద్దులు వాటిని తొక్కాయి. ఇక చూడాలి! ఎద్దులు తుమ్మాయి, జట్కా గుర్రాలు తుమ్మాయి, చైర్మన్ గారి కారులో ఆయనా డ్రైవరూ తుమ్మారు. గుంటూరు నుంచి వస్తున్న రైలింజను కూత కూడా ఆ పూట తుమ్ములాగే వినిపించిందని సోడా కొట్టతను చచ్చేదాకా చెప్పాడు. ఓవర్సీరు గారు ఏదో అరవబోయి తుమ్మి, మళ్లీ అరవబోయి మళ్లీ తుమ్మారు.

శౌరి పరిగెత్తుకొచ్చాడు. ఒరిగిన బండి నీడలో గ్రేసమ్మ నింపాదిగా కూర్చుని ఉంది. ఎన్నాళ్ల తర్వాతో అతను ఆమె ముఖం తేరిపార చూశాడు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"కడసీల ఏదే?"

ఆమె పిడికిలి విప్పింది. కడసీల అందులోనే ఉంది.

"ఎంత పని చేశావే! చైర్మన్ గారు వచ్చిన రోజునా?"

"నువ్వు నన్ను చూసి ఎన్ని సంతలైంది? ఇట్టాగైనా బండి ఆగుతుందని..."

"ఇయ్యాల బండి ఆగకపోతే అదిగో ఆ గది మనకిచ్చేవాళ్లే."

గ్రేసమ్మ తల తిప్పి చూసింది. తలుపు తీసే ఉంది. పొద్దున్నే శౌరి డబ్బాలన్నీ ఓ మూలకు సర్ది, నేల ఊడ్చి, నీళ్లు చల్లి పెట్టాడు. ఆ తడి ఇంకా ఆరలేదు. ఓవర్సీరు గారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి, ఆ తలుపు మూసి తాళం వేసుకుని వెళ్లారు.

"చెప్పలేదేం మావా?" అంది ఆమె.

"మొన్న పొయ్యిరాళ్లతో వచ్చావు గదా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది మిరపకాయల ఘాటుకు అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు.

జబ్బార్ చక్రం దొర్లించుకొచ్చాడు. ఆమె పిడికిలి చూశాడు, ఇద్దరి ముఖాలూ చూశాడు. చక్రాన్ని పడుకోబెట్టి దాని మీద కూర్చుని చుట్ట ముట్టించాడు.

"కడసీల కనపడ్డంలా అల్లుడా. నిదానంగా ఎతకాల" అన్నాడు.

ముందు బండి లేదు, వెనక బండికి దారి లేదు. గ్రేసమ్మ పెద్ద చాప తీసి బండి నీడలో పరిచింది. ఊరంతా తుమ్ముతూ తిడుతుంటే ఇద్దరూ దాని మీద కూర్చున్నారు.

"దానికి కిటికీ ఉందా?"

"ఉంది. పట్టాల వైపు."

"పొయ్యి?"

"బయట పెడదామనుకున్నా, గోడకి ఆనించి."

"వానొస్తే? లోపలే పెట్టాల."

"సరే, లోపలే."

"ఈ చాప పడుద్దా అందులో?"

శౌరి చాపను మూరతో కొలిచి చూశాడు. "పడుద్ది. ఒక అంచు కొంచెం మడవాల."

"మడిస్తే నలుగుద్ది" అంది ఆమె, నిజంగానే దిగులు పడి.

కాసేపటికి వెనక బండ్ల వాళ్లు ఓపిక నశించి తామే వచ్చి బండి ఎత్తారు. చక్రం ఎక్కించారు. జబ్బార్ కాడి కట్టాడు. గ్రేసమ్మ చాప చుట్టుకుని పైకెక్కి, కడసీల శౌరి చేతిలో పెట్టింది. అప్పటిదాకా పిడికిట్లో ఉంది కదా, వెచ్చగా ఉంది.

"గట్టిగా కొట్టు అల్లుడా, మళ్లీ పట్టాలు దాటి రాజుపాలెం దాకా పోవాల" అన్నాడు జబ్బార్.

శౌరి రాయి అందుకున్నాడు. ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు. చెయ్యి మళ్లీ ఎత్తి, బండి మీదున్న గ్రేసమ్మను చూసి, ఆ దెబ్బ వెయ్యకుండా రాయి పక్కన పెట్టేశాడు.