అరవై మూడో పేజీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు వేసవిలో ఆ కోపమంతా నీటి ఆవిరి మీద.

నూజివీడు కాలేజీ ఫిజిక్సు లాబులో నాలుగేళ్ళుగా నేను చేస్తున్న పని చెప్పడానికి చిన్నదే. మందపాటి ఉక్కు పాత్రలో రెండు లోహపు పలకలు, వాటి మధ్య నత్రజని. ఒత్తిడి పెంచేకొద్దీ ఆ పలకలు పట్టి ఉంచే విద్యుత్తు కొంచెం కొంచెం పెరుగుతుంది. ఆ పెరుగుదలను నాలుగో దశాంశం దాకా కొలవాలి. నా డాక్టరేటు దాని మీదే ఆధారపడి ఉంది. వాయువులో రవ్వంత తడి ఉన్నా ఆ నాలుగో అంకె కుదురుగా నిలబడదు. తడి పీల్చే సిలికా జెల్ అయిపోయింది. కొత్తది కొనమని ఇండెంటు పెట్టి మూడు నెలలైనా ఆఫీసులో ఉలుకూ పలుకూ లేదు.

నా అవస్థ చూసి అటెండరు సాంబయ్యగారు ఒక పొట్లం తెచ్చారు. పదిహేడేళ్ళుగా టెంపరరీగా పనిచేస్తున్న మనిషి. ఆ జూన్‌లో ఆయనకు పర్మనెంటు ఆర్డరు రావాలి. భార్య మంగమ్మ మామిడికాయల గోడౌన్‌లో పని చేస్తుంది.

"కార్బైడండి. చుక్క నీళ్ళు తగిల్తే చాలు, తాగేస్తది. మా ఇంటిది కాయలు మగ్గేసేది దీంతోనేనండి."

కార్బైడుకు తడి తగిలితే వాయువు పుడుతుందనీ, కాయలు మగ్గేది దానివల్లేననీ మా రెడ్డిగూడెంలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. విసుగులో అదేమీ ఆలోచించలేదు. వాయువు వచ్చే రాగి గొట్టానికి ముందున్న గాజు బుడ్డిలో నా చేత్తోనే కార్బైడు పోశాను. నోట్‌బుక్‌లో అరవై మూడో పేజీలో రాసుకున్నాను: "సిలికా జెల్ బదులు కార్బైడు. వేసినది నేనే. దయామణి." మా నోట్‌బుక్‌లో పేజీలకు నంబర్లుంటాయి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి తప్ప కాగితం చింపకూడదు. మా గైడు బసవపున్నారావుగారు నాకు నేర్పిన మొదటి పాఠమది.

పది రోజులు అంకె కదల్లేదు. ఆనందంతో ఎగిరి గంతేశాను. పదకొండో రోజు వాయువు సరిగా రాలేదు. రాగి గొట్టం విప్పి చూస్తే లోపలంతా ఎర్రమట్టి రంగు పూత.

"ఏంటండీ ఈ మురికి? తీగ పెట్టి గోకెయ్యండి," అని సాంబయ్యగారి మీద విసుక్కున్నాను.

ఆయన గొట్టాన్ని వరండాలో ఎండబెట్టి తీగ దూర్చారు. టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చింది. కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. కార్బైడు వాయువు రాగితో కలిస్తే ఆ పూత పుడుతుందనీ, ఆరితే గోకినా చాలు పేలుతుందనీ కెమిస్ట్రీ లెక్చరరు తర్వాత చెప్పారు. ఆయన గది మా పక్కదే. ముందే ఒక్క మాట అడిగితే ఏం పోయేది నాకు?

విచారణ వేశారు. గైడు నన్ను పిలిచారు. "కార్బైడు తనే వేశానని సాంబయ్య రాసిచ్చాడు. నువ్వు ఆ పేజీ తీసెయ్యమ్మా."

"చింపకూడదని మీరే కదండీ చెప్పారు?"

ఆయన తల తిప్పుకొని, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపారు. ఆ క్షణంలో ఆయనంటే నాకు అసహ్యం వేసింది.

మర్నాడు నోట్‌బుక్ పట్టుకెళ్ళి కమిటీ ముందు అరవై మూడో పేజీ గట్టిగా చదివాను. గోకమన్నదీ నేనేనని చెప్పాను. గుండె మీద బరువు దిగిపోయింది. నా రీడింగులన్నీ రద్దు చేశారు, డాక్టరేటు రిజిస్ట్రేషను ఆపేశారు. ఏడుపు వచ్చినా తల ఎత్తుకునే బయటికొచ్చాను. సాయంత్రానికి కమిటీ ఇంకో కాగితం ఇచ్చింది: లాబులోకి కార్బైడు తెచ్చి, విచారణలో అబద్ధం రాసిచ్చినందుకు అటెండరును పనిలోంచి తీసేశారు.

ఆస్పత్రికి పరిగెత్తాను. కబురు నాకన్నా ముందే చేరింది. సాంబయ్యగారు మంచం మీద కూర్చుని ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నారు. ఒక్కటీ పడటంలేదు.

"ఎందుకు చెప్పారమ్మా?"

"మీరు చెయ్యని తప్పు మీ మీద ఎలా పెట్టమంటారండీ?"

"నేను ఒప్పుకుంటే మందలించి ఒదిలేస్తామన్నారండి. జూన్‌లో ఆర్డరు ఇప్పిస్తానని మీ గైడుగారు మాటిచ్చారు. మీ చదువూ నిలబడేది, నా పనీ నిలబడేది." ఆయన కళ్ళలో నీళ్ళు లేవు, కోపం ఉంది. "నన్నొక్క మాట అడిగారా?"

అడగలేదు. అడగాలని తోచనే లేదు. నిజం చెబితే ఆయన సంతోషిస్తారనుకున్నాను.

ఏం చెయ్యాలో తెలియక, గుండీ పెడదామని ముందుకు వంగాను.

ఆయన వెనక్కి జరిగారు. "వద్దండి. నేను నేర్చుకోవాలి," అన్నారు.