పన్నెండేళ్ళ మీసం

సూరిబాబు పోయిన రోజు రైల్వే లోకో షెడ్డు నుంచి వచ్చినవాళ్ళు పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పోయాడని బాధపడ్డారు. తల్లి దాలమ్మ పన్నెండేళ్ళ కొడుకు కోసం ఏడ్చింది.

వాడికి పదకొండు నిండకుండానే గొంతు బొంగురుపోయింది, మీసం వచ్చింది. రాయపూర్ గుఢియారీ పేటలో నీళ్ళ పంపు దగ్గర పక్కింటి సూరమ్మ ఊరుకునేదా?

"ఓలమ్మా, నీ గుంటడు మీ ఆయనకి తమ్ముడిలాగున్నాడు. బేగి కోడల్ని ఎతుక్కో."

దాలమ్మ మురిసిపోయేది. షెడ్డులో కాలు విరిగి ఇంట్లో కూర్చున్న తండ్రి దానయ్యకి మాత్రం ఆ మీసంలో నౌకరీ కనిపించింది. పద్దెనిమిదేళ్ళని రాయించి, వాణ్ణి ఇంజన్లు తుడిచే పనిలో పెట్టాడు. స్వరాజ్యం వచ్చి అప్పటికి మూడేళ్ళు. ఆ ఇంటికి మళ్ళీ పూటపూటా అన్నం వచ్చింది.

ఏడాది తిరగకుండా వాడికి తలపోట్లు మొదలయ్యాయి. రైల్వే ఆసుపత్రిలో తలకి ఎక్స్‌రే తీశారు. డాక్టరు మల్లేశ్వరరావు ఫిలిమును వెలుతురుకి ఎత్తిపట్టి, పుర్రె నడిమధ్య మినపగింజంత తెల్లమచ్చను చూపించాడు.

"ఇక్కడ సున్నం పేరుకుంది. ఈడొచ్చినవాళ్ళకి ఇది మామూలే. పసివాళ్ళకుంటేనే భయం. అక్కడ గడ్డ లేస్తే కొందరు మగపిల్లలకి వయసు రాకముందే మీసాలు కూడా వస్తాయి. మీవాడికేం, పద్దెనిమిదేళ్ళు కదా?"

దాలమ్మ నోరు తెరిచింది. దానయ్య మోచేత్తో పొడిచాడు.

"అవును బాబూ, నిండినాయి."

బయటికొచ్చాక ఆమె అడిగింది. "అబద్దం ఎందుకాడినావు?"

"నిజం సెప్తే నౌకరీ పోద్ది. తిండి నీ అయ్య పెడతాడా? తలపోటు దర్దుకి గోళీలిచ్చినాడు గదా."

కొన్నాళ్ళకి సూరిబాబు కళ్ళు పైకి లేవడం మానేశాయి. అన్నం వడ్డించే తల్లి ముఖం చూడాలన్నా తలంతా వెనక్కి వంచేవాడు. మళ్ళీ ఆసుపత్రికి వెళ్దామంది దాలమ్మ. ఈ నెల జీతం రానీ, అన్నాడు దానయ్య. జీతం వచ్చింది. అప్పటికి వాడికి స్పృహ లేదు.

దినాలు కాకముందే డాక్టరు పరామర్శకు వచ్చాడు.

"ఆ ఫిలిము మళ్ళీ తీసి చూశానమ్మా. ఆ వయసుకి అందులో తప్పేమీ లేదు. నేనేం చూడలేకపోయానో తెలియడం లేదు."

దాలమ్మ మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

సూరిబాబు అసలు వయసు ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు.