ఉయ్యూరు వారి నాటకాల కత్తి

నవంబరు 12, బుధవారం, ఉదయం ఏడూ పదికి ఉదయభాస్కర్ తన ఫోన్‌లో ఉన్న ఒక ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. ఆరు నెలల కిందట తాను చెప్పిన మాట తప్పని అప్పుడు తెలిసింది.

ఫోన్ నిండిపోయిందని భార్య జ్ఞానేశ్వరి రెండు రోజులుగా పోరుతోంది. పాత ఫోటోలు తీసేద్దామని కూర్చున్నాడు. ఈ ఫోటో మే 18న ఉయ్యూరులో జ్ఞానేశ్వరి స్నేహితురాలు రామతులసి ఇంట్లో తీసింది. కత్తి మొన. దాని మీద అల్యూమినియం రంగు. గోరంత మేర రంగు లేచిపోయి ఉక్కు బయటపడింది. ఆ ఉక్కు మీద గీతలున్నాయి. కృష్ణలో నీళ్లు తీశాక ఇసుక మీద మిగిలే గీతల్లా ఉన్నాయి.

మూసలో కరిగించి చేసిన పాత ఉక్కుకు ఆ గీతలు లోపలి నుంచే వస్తాయి. రంగు వేస్తే మరుగున పడతాయి. రంగు తీసి ఆసిడ్ కలిపిన మందు రాస్తే మళ్లీ పైకి తేలతాయి. ఎర్రగా కాలిస్తే మాత్రం పోతాయి. పోతే తిరిగి రావు.

ఇది ఆయనకు ఒకరు చెప్పాల్సింది కాదు. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు మెకానికల్ పాఠాలు చెప్పాడు. మొగల్రాజపురంలో ఇంటి వెనక గది గోడలకు ముప్ఫై నాలుగు కత్తులున్నాయి. ఇరాన్‌వి, నేపాల్‌వి, మొరాకో బాకులు, ఇండోనేషియా నుంచి వచ్చిన వంకీల కత్తి ఒకటి. ఏలూరు నుంచి, గుంటూరు నుంచి జనం పాత కత్తులు తెచ్చి ఇదేంటో చెప్పమంటారు. పిడి విప్పకుండా, రంగు తియ్యకుండా ఏ కత్తి గురించీ మాట్లాడననేది ఆయన పెట్టుకున్న కట్టుబాటు. మే 18న పిడి విప్పలేదు, రంగు తియ్యలేదు.

ఆ రోజు రామతులసి కొడుకు పెళ్లి తాంబూలాలు. జ్ఞానేశ్వరి, రామతులసి కాలేజీలో కలిసి చదువుకున్నారు. వంద మంది చుట్టాలు. విస్తళ్లు వేశారని పిలుపు వచ్చింది. అప్పుడు రామతులసి పూజ గదిలోంచి కత్తి తెచ్చి చేతికిచ్చింది. చనిపోయిన మామగారు అది తమ తాతకు బందరు కోటలో ఎవరో దొర ఇచ్చాడనేవారు. ఏటా దసరాకు ట్రాక్టరు పక్కన పెట్టి పూజ చేసేవారు. చుట్టాల్లో ఎవరూ నమ్మలేదు. ఆ మాట ఎత్తితే నవ్వేవాళ్లు.

పిడికి తగరం రేకు చుట్టి ఉంది. రేకు మీద గులాబీ పువ్వు, రెండు గాజు రాళ్లు. ఉదయభాస్కర్ అయిదు ఫోటోలు తీశాడు. పది మంది వింటుండగా, "నాటకాల కత్తండీ ఇది. పువ్వు చూడండి, బాగా చేశాడు," అన్నాడు. అందరూ నవ్వారు. తనూ నవ్వాడు.

ఏడూ ఇరవైకి రామతులసికి ఫోన్ చేశాడు.

"భాస్కర్ గారూ, పొద్దున్నే? జ్ఞానం బాగుందా?"

"బాగుందండీ. ఆ కత్తి... ఇంట్లో ఉందాండీ?"

"ఏ కత్తి? దుర్యోధనుడి కత్తా? ఇంకెక్కడిదండీ! మీరు అన్న మాటకి మా ఆడపడుచులు ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. ఈ దసరాకి పూజలో పెట్టనివ్వలేదు మా ఆయన. పండగ మర్నాడే ఇచ్చేశారు."

"ఎవరికండీ?"

"హనుమాన్ జంక్షన్‌లో నాటకాల డ్రస్సులు అద్దెకిస్తారే, రామకోటేశ్వరరావు గారని. ఆయనకి. ఎందుకండీ?"

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. "ఊరికే, ఫోటో ఒకటి కావాలి," అన్నాడు.

"మామగారు పోయే ముందు నన్ను పిలిచి, కోడలా, ఇది నువ్వు చూసుకో అన్నారండీ. నన్నే అన్నారు. కొడుకుని కాదు," అంది రామతులసి. "పోన్లెండి. జ్ఞానాన్ని అడిగానని చెప్పండి."

రామకోటేశ్వరరావు నంబరు నెట్‌లో దొరికింది. స్విచ్చాఫ్. నాలుగు సార్లు చేశాడు. జ్ఞానేశ్వరి ఇడ్లీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇడ్లీకి కూడా ముహూర్తం చూడాలా? కూర్చోండి."

"మే నెలలో నేను చెప్పింది తప్పు జ్ఞానం. అది నిజం కత్తి."

ఆమె పళ్లెం బల్ల మీద పెట్టింది. "తులసికి చెప్పారా?"

"కత్తి దొరికాక చెప్తా."

"దొరక్కపోతే చెప్పరా?"

ఉదయభాస్కర్ స్కూటర్ తాళం తీసుకున్నాడు. భుజం సంచిలో మందు సీసా, దూది, టేపు, ఎమెరీ కాగితం వేసుకున్నాడు. ఏడూ యాభైకి బయల్దేరాడు.

హనుమాన్ జంక్షన్ నలభై కిలోమీటర్లు. గన్నవరం దాటాక రెండు చోట్ల బండి ఆపి మళ్లీ ఫోన్ చేశాడు. రెండు సార్లూ స్విచ్చాఫే. తొమ్మిదీ పదికి చేరాడు. నూజివీడు రోడ్డులో టైర్ల కొట్టు పక్కన షాపు. గోడ నిండా కిరీటాలు, గదలు. మధ్యలో బనియన్‌తో ఒక డెబ్బై ఏళ్ల మనిషి కృష్ణుడి నెమలి పింఛం అతికిస్తున్నాడు. పక్కన ఫోన్ చార్జింగ్‌లో ఉంది.

"రామకోటేశ్వరరావు గారాండీ? ఉయ్యూరు నుంచి మీకో కత్తి వచ్చింది."

"వచ్చింది బాబూ. మంచి బరువు. చేత్తో పట్టుకుంటే పద్యం దానంతటదే వస్తుంది. నలభై ఏళ్లు దుర్యోధనుడు వేశాను, అలాంటిది నా చేతికి రాలేదు." పింఛం పక్కన పెట్టాడు. "కూర్చోండి, టీ చెప్తాను."

"ఎక్కడుందండీ?"

"ఇక్కడ లేదు. వచ్చే నెల నాటక పరిషత్తులో పోటీలు. ఆరుగురు భటులు వరసగా నిలబడాలి. అయిదు కత్తులు తిన్నగా ఉన్నాయి, ఇది ఒక్కటే వంకర. పైగా మూడంగుళాలు పొడుగు. కాల్చి వంకర తీసి, మొన కోయించమని, కొలతకి మిగతా అయిదూ కలిపి సోమవారం పంపించా. మన లారీ డ్రైవరు తీసుకెళ్లాడు."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి బాబూ, మీ బెజవాడే. ఆటోనగర్. శౌరమ్మ కమాన్ల షాపు. లారీ కమాన్ పట్టీలు సరిచేస్తారే, అక్కడ."

మొగల్రాజపురం నుంచి ఆటోనగర్‌కు పావుగంట.

శౌరమ్మ నంబరు రామకోటేశ్వరరావు దగ్గర లేదు. డ్రైవరు దగ్గరుంది. డ్రైవరు మూడోసారికి ఎత్తి, నంబరు చెప్పాడు. తొమ్మిదీ నలభైకి ఉదయభాస్కర్ ఆ నంబరుకు చేశాడు. అవతల సుత్తి దెబ్బలు, ఊదే మోటారు చప్పుడు.

"ఎవరండీ?"

"హనుమాన్ జంక్షన్ రామకోటేశ్వరరావు గారి షాపు నుంచి. ఆ కత్తి కాల్చకండమ్మా!"

"ఆ? రామకోటేశ్వరరావు గారా?"

"కత్తిని నిప్పుల్లో పెట్టకండి!" అని అరిచాడు. టైర్ల కొట్టు ముందు టీ తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు.

"ఏం వినపళ్లేదండీ, మోటారు నడుస్తోంది. సరే సరే, చూస్తాను." ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

"పరిషత్తు అయ్యాక ఫోటో తీసుకోవచ్చుగా, ఇంత కంగారేంటి?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"అది నిజం కత్తండీ. రెండు మూడు వందల ఏళ్లది."

ఆ మనిషి లేచి నిలబడ్డాడు. "ఉయ్యూరు వాళ్లు నాటకాల కత్తి అనే ఇచ్చారే! ఎవరో పెద్ద పండితుడు చూసి చెప్పాడన్నారు."

"నేనే చూశాను."

రామకోటేశ్వరరావు ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, "ముందు వెళ్లండి," అన్నాడు.

గన్నవరం విమానాశ్రయం ముందు పోలీసులు బళ్లు ఆపేశారు. ఎవరో మంత్రి వస్తున్నారు. ముందు లారీ, వెనక కాలేజీ బస్సు. స్కూటర్ పక్కకు తిప్పబోతే కానిస్టేబుల్ లాఠీతో హెడ్‌లైటు మీద తట్టాడు. "పెద్దాయనా, మీ ఒక్కరికేనా పని?" పద్దెనిమిది నిమిషాలు అక్కడే గడిచాయి. అందులో శౌరమ్మకు ఏడు సార్లు ఫోన్ చేశాడు. ఎనిమిదోసారి చెయ్యబోతే జ్ఞానేశ్వరి ఫోన్ వచ్చింది.

"దొరికిందా?"

"ఆటోనగర్‌లో ఉంది."

"తులసికి నేను చెప్పనా?"

"వద్దు. నేనే చెప్పాలి."

రామవరప్పాడు రింగు దగ్గర ఇంకో పది నిమిషాలు. ఆటోనగర్‌లో రెండు సందులు తప్పాడు. శౌరమ్మ కమాన్ల షాపు ముందు బండి ఆపేసరికి పదకొండూ అయిదు.

రేకుల షెడ్డు. కొలిమి ముందు ఇద్దరు పనివాళ్లు, పక్కన స్టూలు మీద యాభై అయిదేళ్ల ఆడమనిషి. నేల మీద ఆరు కత్తులు వరసగా ఉన్నాయి. ఆరూ తిన్నగా ఉన్నాయి.

ఒకటి మిగతా వాటికన్నా పొడుగు. పిడి లేదు. తగరం రేకు, గులాబీ పువ్వు, పిడిని అతికించిన లక్క ముక్కలు పక్కన కుప్పగా పడి ఉన్నాయి. బ్లేడు మొన దగ్గర సుద్దముక్కతో అడ్డగీత గీసి ఉంది. పనివాడు గ్రైండర్ వైరు ప్లగ్గులో పెడుతున్నాడు.

"ఆపు!" అన్నాడు ఉదయభాస్కర్.

శౌరమ్మ స్టూలు మీంచి లేచింది. "ఫోన్లో మీరేనా? ఏం మాస్టారూ, అంత తొందరైతే ఎలా? రేపు చేద్దామని పక్కన పెట్టా. మీరు అరుస్తుంటే ఏదో అర్జెంటు అనుకుని, లారీ పట్టీ పక్కన పడేసి ముందు మీదే చేయించా."

"ఎప్పుడు కాల్చారమ్మా?"

"మీరు ఫోన్ చేసిన అరగంటకి."

ఆయన నేల మీద కూర్చున్నాడు. బ్లేడు ఇంకా వెచ్చగా ఉంది. పిడి వైపు నుంచి చాలా మేర రంగు మాడి, నల్లటి పొలుసు కట్టింది. మొన వైపు అల్యూమినియం రంగు అలాగే ఉంది.

"ఈ ముక్క కాల్చలేదా?"

"వంకర ఉన్నంత మేరే కాల్చాం. అక్కడ తిన్నగానే ఉంది, కాల్చి బొగ్గులెందుకు దండగ?"

పెట్రోలు అడిగి తీసుకుని గుడ్డతో మొన వైపు రంగు తుడిచాడు. మందు సీసా మూత తీసి, దూది ముంచి, పల్చగా రాశాడు. పనివాళ్లిద్దరూ వంగి చూశారు. రెండు నిమిషాలకు ఉక్కు బూడిద రంగుకు తిరిగింది. ఇంకో నిమిషానికి గీతలు తేలాయి.

"ఓరి దేవుడా, ఇదేంటి, నీళ్లు పారినట్టు!" అంది శౌరమ్మ.

కాలిన వైపు ఎమెరీ కాగితంతో మూడు చోట్ల పొలుసు గీకాడు. మూడు చోట్లా మందు రాశాడు. అయిదు నిమిషాలు చూశాడు. మళ్లీ రాసి మళ్లీ అయిదు నిమిషాలు చూశాడు. ఉక్కు నల్లబడింది. గీతలు రాలేదు.

"ఇటువైపువి మా నిప్పు తినేసిందా?"

"మీ తప్పు కాదమ్మా."

"నా తప్పని ఎవరన్నారు? అడుగుతున్నానంతే." ఆమె గ్రైండర్ ప్లగ్గు తానే పీకింది. "కత్తి ఎవరిది?"

పదకొండూ నలభైకి ఉదయభాస్కర్ రామతులసికి ఫోన్ చేశాడు.

"మే నెలలో మీ ఇంట్లో నేను చెప్పింది తప్పండి. అది నాటకాల కత్తి కాదు. పిడి మాత్రమే నాటకాలది, ఎవరో తర్వాత తొడిగారు. బ్లేడు పాతది, నిజమైంది. నేను సరిగ్గా చూడలేదు."

అవతల ట్రాక్టరు చప్పుడు దగ్గరికి వచ్చి, దూరమైంది.

"మొత్తం ఉందా?" అని అడిగింది.

"లేదండీ. ఇవాళ పొద్దున కాల్చారు. నేను ఫోన్ చేసి తొందర పెట్టాననుకుని కాల్చారు."

"పొద్దున నాకు ఫోన్ చేసినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసండీ."

"ఫోటో కావాలన్నారు."

"అవునండీ."

"అక్కడే ఉండండి," అంది రామతులసి.

బందరు రోడ్డు బస్సులో వచ్చి ఒకటీ ఇరవైకి ఆటోనగర్ గేటు దగ్గర దిగింది. ఒక్కతే వచ్చింది. షెడ్డులో నిలబడే బ్లేడును వెలుతురుకు పట్టుకుని, మొన వైపు ఒకసారి, కాలిన వైపు ఒకసారి చూసింది. శౌరమ్మ ఇచ్చిన స్టూలు మీద కూర్చోలేదు.

"మా మామగారు చెప్పింది నిజమేనా?"

"కత్తి నిజమండీ. ఎవరు, ఎవరికి, ఎక్కడ ఇచ్చారన్నది బ్లేడు మీద లేదు. అది నాకు తెలీదు."

"మా ఆడపడుచుల ముందు ఈ మాటే చెప్తారా? ఆ రోజు విన్న వాళ్లందరి ముందు?"

"చెప్తానండీ."

"ఆదివారం పిలుస్తాను. అన్నాల ముందు చెప్పాలి, తర్వాత కాదు." ఆమె టేపు తనే తీసుకుంది. "కొలవండి. ఎంత మిగిలిందో నాకు తెలియాలి."

ఉదయభాస్కర్ టేపు ఒక కొస పట్టుకున్నాడు, రామతులసి ఇంకో కొస పట్టుకుంది. బ్లేడు పొడవు ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు. మొన నుంచి పదకొండుంపావు అంగుళాల దాకా గీతలున్నాయి. అక్కడి నుంచి పిడి దాకా లేవు.