తెల్లరేవు గురుతులు

తిత్లీ తుఫానుకి వంశధార పొంగి ఊళ్ళను ముంచిన వరద అయ్యాక ఏడో ఏడు. ఆ ఏడు దసరా వెళ్ళిన వారానికి, ఆట ఇప్పుడప్పుడే రాదని ఎల్లాజీకి నాలుగోసారి ఉత్తరం వచ్చింది.

ఉత్తరమంటే కాగితం కాదు. ఎల్లాజీ కూతురు తులసి శ్రీకాకుళంలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బాలు తయారుచేస్తుంది. ఆ ఉత్తరాలు ఇంగ్లీషులో ఆమె ఫోనుకి వస్తాయి. ఆదివారం సముద్రం ఒడ్డున తమ బెస్తపేటకు వచ్చినప్పుడు ఆమె చదివి తండ్రికి చెబుతుంది. ఎల్లాజీ వల బాగుచేసుకుంటూ వింటాడు. విని ఊరుకుంటాడు. రోజు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే అదే ఎక్కువ, ఆయన తీరు అంత.

"ఏటంటన్నారే తులసమ్మా, మీ నాన్న దొరలు?" అన్నాడు గంగులు, వల అవతలి కొస పట్టుకుని. అతను ఎల్లాజీ భార్య గురమ్మకు అన్న, ఎల్లాజీకి బావ. ముప్పై ఐదేళ్ళుగా ఒకే పడవలో ఎదురూబొదురూ కూర్చున్న మనిషి.

"ఇంకా టైం పడతాదంట మావయ్యా."

"గంగమ్మ సంబరానికి సందా ఇచ్చినోడికి పిడికెడు పులిహోరైనా సేతిలో పడతాది. మా బావకి నాలుగేళ్ళకి నాలుగు దండాలొచ్చినాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఎల్లాజీ చేతిలో దారం పుటుక్కున తెగింది.

ఈ ఆట గొడవ ఇప్పటిది కాదు. ముప్పై ఏళ్ళ కిందట బావలిద్దరూ చేపల బుట్టలు శ్రీకాకుళం తీసుకెళ్ళి అమ్మేసి, బస్సుకి టైముంటే పాత బస్టాండు దగ్గర ధర్మేంద్ర కొట్టుకి వెళ్ళేవాళ్ళు. ఆ కొట్లో నాలుగు వీడియో గేము మిషన్లుండేవి. మూడింట్లో కొట్టుకోవడాలు, కాల్చుకోవడాలు. నాలుగోదాంట్లో మాత్రం నల్లటి ఆకాశం, చుక్కలు, వాటి నడుమ పడవలాంటి చిన్న ఓడ. కుర్రకారు దాని జోలికి పోయేవాళ్ళు కాదు. ఎటు పోవాలో చెప్పేవాడు లేడు, తెర మీద బాణం గుర్తు లేదు. రూపాయి బిళ్ళ వేసిన రెండు నిమిషాలకే ఏ రాయికో గుద్దుకుని పోయేవాళ్ళు.

ఎల్లాజీకి మాత్రం ఆ మిషను ముందు నిలబడితే సముద్రం మీద ఉన్నట్టే ఉండేది. నీళ్ళ మీద దారులుండవు. పడవలోంచి ఒడ్డువైపు చూస్తే కళింగపట్నం దీపస్తంభం వెళ్ళి శాలిహుండం కొండ అంచు మీద నిలబడిందా, ఇంకో పక్కన ఫలానా తాటిచెట్టు ఫలానా ఇసక దిబ్బను కప్పేసిందా, ఆ రెండూ కుదిరినచోట వల వెయ్యాలి. వాటినే గురుతులంటారు. ఎల్లాజీ ఆ చుక్కల్ని కూడా కొండల్ని చూసినట్టే చూశాడు. ఒకదాని వెనక ఒకటి ఎప్పుడు దాక్కుంటుందో కనిపెట్టాడు. వారానికొక మెట్టు లోపలికి పోయాడు.

ఆ ఆకాశం ఆఖర్న తెల్లరేవని ఒకటుందని ధర్మేంద్ర చెప్పేవాడు. మిషను అమ్మిన విశాఖపట్నం ఆసామి అతనికి చెప్పాడట. చూసినవాడెవడూ లేడు.

ఒకరోజు ఎల్లాజీ చూశాడు. తెర అంతా తెల్లబడింది, ఓడ మెల్లగా ఒడ్డుకి చేరినట్టు ఆగింది. సరిగ్గా అప్పుడు గంగులు బయట సైకిలు మీది బుట్టలో మూతి పెట్టిన కుక్కను తరుముతున్నాడు. ధర్మేంద్ర భోజనానికి వెళ్ళాడు. గంగులు లోపలికి వచ్చేసరికి తెర మీద ఆట మళ్ళీ మొదటికొచ్చింది.

"సూసినాను," అన్నాడు ఎల్లాజీ.

"ఏలాగెల్లినావు? గురుతులు సెప్పు."

ఎల్లాజీ చెప్పలేదు. గురుతులు చెప్పడం పేటలో లేదు. ఆయన తండ్రి కూడా కొడుకు పెళ్ళయ్యాకే, నడిసముద్రంలో, పడవలో మిగతావాళ్ళని అటు తిరిగి కూర్చోమని ఆయనకొక్కడికే చెప్పాడు. గురుతు బయటపడితే ఏడాది తిరక్కుండా అందరి వలలూ అక్కడే పడతాయి, ఆ చోటు ఒట్టిపోతుంది. అది ఎల్లాజీకి ఒంట్లో ఉన్న భయం. ఆటకి ఆ భయం వర్తిస్తుందో లేదో ఆయన ఆలోచించలేదు. నోరు దానంతటదే మూసుకుంది.

మరోసారి ఆడి చూపిద్దామనుకునేలోపు ఆ మిషను వానకి తడిసి పాడైపోయింది. ధర్మేంద్ర దాన్ని పాత ఇనుముకి వేసేశాడు. ఎల్లాజీ మాట మాటగానే మిగిలింది. పేటలో ఎవరైనా నమ్మలేని కబురు చెబితే, "ఇది తెల్లరేవు కబురేటి?" అనడం అలవాటైంది. కొత్తవాళ్ళు ఎల్లాజీ ఇల్లడిగితే "ఏ ఎల్లాజీ? తెల్లరేవోడా?" అని నవ్వుతూ చూపించేవాళ్ళు.

అలాంటి మనిషికి నాలుగేళ్ళ కిందట తులసి ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నల్లటి ఆకాశం, చుక్కలు, చిన్న ఓడ. ఆ ఆటంటే ప్రాణమిచ్చే విదేశాల వాళ్ళు కొందరు, పదిమంది దగ్గరా చందాలు తీసుకుని దాన్ని మళ్ళీ కడతారట. కంప్యూటర్ ఉన్న ప్రతివాడూ ఆడుకోవచ్చట. ఎల్లాజీ ఆ బొమ్మవైపు చాలాసేపు చూసి, కొత్త వలకని దాచుకున్న డబ్బు తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టాడు. గురమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. ఆయనకది పెద్దగా తెలియలేదు కూడా.

అప్పటి నుంచీ ఎదురుచూపులే. తులసి వాళ్ళ నెలల్ని మన పండగల్లోకి మార్చి చెప్పేది. ముందు ఉగాదికన్నారు. తర్వాత వినాయకచవితికన్నారు. పాట బాగా కుదరలేదట, కొత్తగా చేయిస్తారట. ఆ తర్వాత చుక్కల చుట్టూ దుమ్ము ఇంకా బాగా మెరవాలని ఇంకో ఏడు.

"దుమ్మెందుకు?" అన్నాడు ఎల్లాజీ, ఉండబట్టలేక.

"అందంగా ఉంటాదంట నాన్నా."

కొత్త పడవ కట్టడం ఆలస్యమైతే ఆయనకు ఏం చెయ్యాలో తెలుసు. వడ్రంగి పాకలో కూర్చోవాలి. తిట్టక్కర్లేదు, అరవక్కర్లేదు. ఊరికే కూర్చుంటే మూడో రోజుకి వడ్రంగే సిగ్గుపడి బాడిస ఎత్తుతాడు. ఈ ఆట కట్టేవాళ్ళ పాక ఎక్కడుందో, అందులో ఎక్కడ కూర్చోవాలో ఎవరు చెబుతారు? ఆ కోపం పోయే దారి లేక ఎల్లాజీ నాలుగేళ్ళుగా వలల మీదా దారాల మీదా తీర్చుకుంటున్నాడు.

నాలుగో ఉత్తరంలో ఇంకో సంగతి కూడా ఉంది. గంగులు వెళ్ళాక తులసి అది చెప్పింది.

"ఆట ఆఖరి ముక్క ఆళ్ళ దగ్గర లేదంట నాన్నా. మొదట కట్టినాయన సచ్చిపోయినాడు. ఆ కాగితాలూ పోయినాయి. తెల్లరేవు అసలుందో లేదో ఆళ్ళకే తెలీదంట. పాత ఆటగాళ్ళెవరైనా సూసుంటే దారి రాసి పంపమన్నారు, శుక్రవారంలోగా. లేకపోతే తెల్లరేవు లేకుండానే ఆట ఇచ్చీస్తారంట."

ఎల్లాజీ చేతిలో సూది ఆగిపోయింది. తెల్లరేవు లేకుండా ఆట వస్తే? తను చెప్పింది ముప్పై ఏళ్ళ అబద్ధమని ఇక లోకం ముందు రుజువైనట్టే. గంగులుని కూర్చోబెట్టి, ఇదిగో చూడు అని చూపిద్దామనే కదా ఇన్నాళ్ళూ కాచుకున్నది.

"సెప్పు నాన్నా. నేను రాస్తాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అక్కడ సేపలున్నాయేటి అయిపోడానికి? ఎంతమందెల్లినా ఆ రేవు ఒట్టిపోదు."

ఎల్లాజీ వల మళ్ళీ ముందుకు లాక్కున్నాడు. కానీ గురువారం పొద్దున్న ఉతికిన చొక్కా తొడుక్కుని శ్రీకాకుళం బస్సెక్కాడు. స్టూడియోలో ఎవరూ లేని టైము చూసుకుని తలుపు వేయించాడు. కిటికీ పరదా కూడా లాగాడు.

"రాళ్ళు దాటినాక ఎర్రసుక్క కుడి కొసకి రావాల," అన్నాడు గొంతు తగ్గించి. "అది అక్కడే ఉండాల. జంటసుక్కల్లో సిన్నది పెద్దదానెనక దాక్కున్నదాకా ఎడంకి జరగాల. దాక్కున్నాక ముక్కటు తిప్పి నలభై తెడ్లెయ్యాల."

"అక్కడ తెడ్డెక్కడున్నాది నాన్నా?"

"మనసులో."

"మనసులో తెడ్డని ఇంగ్లీషులో ఏటని రాసేది?"

"అదంతా నాకేటి తెలుసు? నలభై. అప్పుడేటీ కనపడదు. సుక్కలుండవు. ఎవుడైనా బయపడి అక్కడే ఎనక్కి తిరుగుతాడు. తిరక్కూడదు. ఇంకో పది తెడ్లు."

అంతే. ముప్పై ఏళ్ళు కడుపులో పెట్టుకున్నది రెండు నిమిషాల్లో అయిపోయింది. బయటికొచ్చి ఏడు రోడ్ల జంక్షన్ దాకా నడిచాడు. ఒళ్ళు తేలికవుతుందనుకున్నాడు. అవలేదు. జేబు తెగినట్టనిపించింది.

ఆదివారం జవాబొచ్చింది. తులసి చదవడానికి ఇబ్బంది పడింది.

"మీలాగే పదహారుమంది రాసినారు, ఒకరిదొకరికి పొంతన లేదు అంటన్నారు. ఫొటోగానీ వీడియోగానీ ఉంటేనే ఒప్పుకుంటారంట. తెల్లరేవు తీసీసినారు నాన్నా. ఆటేమో... వచ్చే ఏడంట."

"ఫొటోనా?" ఎల్లాజీ సూది నేలకేసి కొట్టాడు. లోపల గురమ్మ ఉలిక్కిపడింది. "ఆ రోజు నాకాడ లుంగీ తప్ప ఏటున్నాది? లుంగీతో తియ్యాలా ఫొటో? తీసీసినప్పుడు తీసీసినారు, ఆటైనా ఇవ్వొచ్చు గదా! మళ్ళీ వచ్చే ఏడేటి? నన్నడిగిందేటి, సేసిందేటి!"

అన్ని మాటలు ఆయన నోట ఒక్కసారే వినడం తులసికి అదే మొదలు.

ఆ సాయంత్రం గంగులు వచ్చాడు. లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"నలభై తెడ్లంట," అన్నాడు.

ఎల్లాజీ తలెత్తాడు.

"మా అల్లుడు నరేష్ ఫోనులో సూపించినాడు. అందరు రాసినవీ ఆళ్ళ పేజీలో ఏసీసినారంట, లోకమంతా సూడ్డానికి. ఎర్రసుక్క కుడి కొసకంట. జంటసుక్కలంట. ఎవడో దానికింద నవ్వే బొమ్మ కూడా పెట్టినాడు."

"బావా..."

"ఆగు. ఎన్నిసార్లడిగినాను నిన్ను? పడవలో అడిగినాను. నీ కూతురి బారసాలకడిగినాను. నువ్వు తాగినప్పుడడిగినాను, నేను తాగినప్పుడడిగినాను. నోరిప్పినావా? ఇప్పుడు ముక్కూమొకం తెలీనోళ్ళకి సెప్పీసినావు. ఆళ్ళు దాన్ని సెత్తబుట్టలో పడీసినారు."

"నువ్వు నమ్మలేదు గదా."

"నమ్మకపోతే ముప్పై ఏళ్ళు అడుగుతానేటి?" గంగులు గొంతు పెరిగింది. "నువ్వు సూసినానన్న రోజే నమ్మినాను. ఎగతాళి సేస్తే కోపంలోనైనా కక్కుతావనుకున్నాను. నీకు కోపం కూడా సరిగ్గా రాదు."

గురమ్మ కాఫీ తెచ్చేలోపు వెళ్ళిపోయాడు. "ఏటైనాది?" అని ఆమె మొగుణ్ణడిగింది. ఎల్లాజీ గ్లాసు తీసుకుని తాగకుండా పక్కన పెట్టాడు. ఆ దొరల మీద కోపం వెతికితే దొరకలేదు. ఎంత వెతికినా తన మీదే కనిపిస్తోంది. తులసి చివరి బస్సుకి వెళుతూ, "ఆ రాసింది తీయించీమంటావా నాన్నా?" అంది. ఎల్లాజీ చెయ్యి ఊపాడు, ఏదో ఒకటి అన్నట్టు.

మర్నాడు పొద్దున్న వేటకు పోవలసిన రోజు. పడవ దగ్గరికి గంగులు రాలేదు. ఎల్లాజీ కాసేపు చూసి, తీరం వెంట నడిచాడు. నాలుగు పడవల అవతల గంగులు వీపు ఇటు పెట్టి, కవళ్ళ చేపలు పట్టే వల చిక్కు తీసుకుంటున్నాడు. మిగతావాళ్ళు అక్కడక్కడా వలలు దులుపుకుంటున్నారు.

ఎల్లాజీ వెళ్ళి ఇసకలో కూర్చున్నాడు.

"ఆ మిషన్లో మొదటి రూపాయి బిళ్ళ నువ్వే ఏసినావు బావా," అన్నాడు.

గంగులు తిరగలేదు. ఎల్లాజీ చెప్పడం మొదలుపెట్టాడు. ఏ రాయి ఎటు నుంచి వస్తుందో, మొదటి వారం ఎక్కడ గుద్దుకున్నాడో, ఎర్రచుక్కను ఎన్నో సారికి పట్టించుకున్నాడో చెప్పాడు. ఉత్తరంలో రాయించనివి కూడా చెప్పాడు. అలల చప్పుడుకి సగం మాటలు నోటి దగ్గరే పోతున్నాయి. జంటచుక్కల దాకా వచ్చాక గంగులు చిక్కు మీంచి కళ్ళెత్తకుండానే విసుక్కున్నాడు.

"గట్టిగా సెప్పి సావు. గాలికి ఒక్క ముక్క ఇనపడితే ఒట్టు."

కవళ్ళ వల దగ్గరున్న ఇంకో ఇద్దరు తలలెత్తి చూశారు. ఎల్లాజీ గొంతు సవరించుకుని మళ్ళీ మొదటి రాయి దగ్గర నుంచి, ఈసారి గట్టిగా చెప్పాడు.