నాన్న వేసిన అతుకు

కనబడని అతుకు లేనట్టేనా?

ఈ ప్రశ్న నాకు నేను వేసుకోవడం కొత్త కాదు. కంసాలి పనిలో రోజూ ఎదురయ్యేదే. బంగారు పట్టీని వంచి, రెండు కొసలూ కలిపి, టంకం పెట్టి కాలిస్తే అది ఉంగరమవుతుంది. ఆకురాయితో రుద్ది మెరుగుపెట్టాక ఆ కొసలు ఎక్కడ కలిశాయో కంటికి తెలియకూడదు. తెలియకపోతే మంచి పని అంటారు. అయినా అతుకు ఎక్కడికీ పోదు, దాక్కుంటుంది. ఏళ్ళ తరబడి చెమట తగిలేకొద్దీ టంకం రంగు మారి వెంట్రుకవాసి గీతగా బయటపడుతుంది. ఉంగరం కోయవలసి వస్తే ఆ గీత మీదే కోయాలి. మరోచోట కోస్తే ఉంగరానికి రెండో గాయం చేసినట్టు. ఇంతవరకు నేను ఏ ఉంగరాన్నీ అతుకు తప్పించి కోయలేదు.

ఈ మధ్యాహ్నం ఆ ప్రశ్న ఒక వేలికి బిగుసుకుని నా ముందుకొచ్చింది. ఆ వేలు మా అక్కది.

పొద్దున కారు తలుపు ఆమె ఎడమచేతి ఉంగరపు వేలి మీద పడింది. ఎముక విరగలేదు గాని వేలు వాచి, ఉంగరం అందులో కూరుకుపోయింది. ఆసుపత్రిలో కోసి తీస్తామన్నారు. అక్క చెయ్యి వీపు వెనక దాచుకుని బయటపడి, బావను వెంటబెట్టుకుని నేరుగా నా దుకాణానికి వచ్చేసింది.

"వాళ్ళు తెచ్చినది చూడాలిరా నువ్వు! ఇనపతీగలు తెంపేదానిలా ఉంది. నాన్న చేసిన ఉంగరం వాళ్ళ చేతికిస్తానా?" అంది కూర్చుంటూనే.

"వాళ్ళన్న మిగతా మాట కూడా చెప్పు," అన్నాడు బావ. అతని ముఖం అక్క ముఖం కంటే పాలిపోయి ఉంది. "తొందరగా తియ్యకపోతే రక్తం అందక వేలు చచ్చిపోతుందన్నారు, బామ్మర్దీ. ఈవిడేమో ఉంగరానికి నొప్పి పుడుతుందని పారిపోయి వచ్చింది."

"మీరు కాసేపు ఊరుకుంటే నాకు సగం నొప్పి తగ్గుతుంది." అక్క చెయ్యి నా బల్ల మీద పెట్టింది. "ఒరేయ్, నాన్న అతికినచోట విప్పు. వాపు తగ్గాక మళ్ళీ అతుకుదువుగాని. అంతే."

అంతే. అంత తేలికైన మాట.

అక్క బట్టలు కుడుతుంది. మిషన్ మీద బట్టను ఒత్తి నడిపేది ఆ చేతితోనే. చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టించాను. సబ్బు రాశాను. వేలి కొస నుంచి దారం బిగించి చుట్టి, ఉంగరాన్ని తిప్పి లాగబోయాను. అక్క కేక పెట్టింది గాని ఉంగరం కదలలేదు. ఇక కోతే.

దీపం దగ్గరికి లాగి భూతద్దం కంటికి తగిలించుకున్నాను. ఉంగరం చుట్టూ నాన్న చెక్కిన తీగ. ఆకు, మొగ్గ, మళ్ళీ ఆకు. మొదలెక్కడో, చివరెక్కడో తెలియదు. చెక్కేవాడు ఎంత కొలుచుకున్నా ఆఖరి ఆకు దగ్గరికి వచ్చేసరికి చోటు కాస్త తగ్గుతుంది, లేదా మిగులుతుంది. ఆ ఆకు నలుగుతుంది, లేదా సాగుతుంది. అతుకు తరచు దాని కిందే ఉంటుంది. అక్క చెయ్యి అటూ ఇటూ తిప్పించి ఒక్కో ఆకే చూశాను. ఏదీ నలగలేదు. ఏదీ సాగలేదు.

లేచి కిటికీ తెరిచాను, పగటి వెలుగులో రంగు తేడా తెలుస్తుందని. తెలియలేదు. కూర్చుని భూతద్దం తుడిచాను. మళ్ళీ లేచాను. వేడి చేస్తే గీత తేలుతుంది. వేలి మీదున్న ఉంగరాన్ని వేడి చేసేదెలా?

"ఏమిట్రా కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడు?"

"అతుకు దొరకడం లేదక్కా. అడుగుదామంటే నాన్న లేడు."

"చిన్నప్పట్నుంచీ ఆయన పక్కనే కూర్చున్నావుగా?"

"ఇది నేను లేనప్పుడు చేశాడు."

"అయితే నీకు చూపించకుండా నాకోసం దాచి చేశాడన్నమాట," అని నవ్వబోయి పళ్ళు బిగించింది.

"అసలు అతుకే లేదేమో," అన్నాడు బావ.

ఉండకపోవచ్చు. బంగారు ముద్దకు చిల్లు పొడిచి, సుత్తితో సాగదీస్తే అతుకు లేని ఉంగరం వస్తుంది. ఓపిక ఉన్నవాడికి సాధ్యమే. ఎందుకో ఆ మాట ఒప్పుకోబుద్ధి కాలేదు.

"పిల్లాడి తల చొక్కాలో ఇరుక్కుంటే నేను కుట్టు వెతుకుతూ కూర్చోను," అంది అక్క. "కత్తెర ఎక్కడ దూరితే అక్కడ వేస్తాను."

"బట్ట వేరు, బంగారం వేరు."

"ఇరుక్కునేది మనిషేగా, ఎందులోనైనా!"

మళ్ళీ ఉంగరం మీదికి వంగాను. ఒక మొగ్గ పక్కన సన్నటి గీత కనబడింది.

"దొరికావు నాన్నా!" అన్నాను.

గుడ్డతో అద్దాను. గీత పోయింది. ఎండిన సబ్బు చార.

గీత పోయినందుకు నాకు బాధ కలగలేదు. అది కనబడగానే కలిగిన సంతోషం నన్ను భయపెట్టింది. అక్క వేలు బయటపడుతుందన్న ఊహ ఆ సంతోషంలో ఎక్కడా లేదు. నాన్న అతుకు ఎన్నడూ కనబడేది కాదు. నా అతుకు కొన్నవాళ్ళకు కనబడదు, నాకు కనబడుతుంది. నాన్నకూ కనబడేది. నేను చేసినదాన్ని వెలుగుకేసి తిప్పి చూసి, ఒక్క మాట అనకుండా పక్కన పెట్టేవాడు. ఆ మౌనానికి బదులు చెప్పడానికి నాకు ఆయన పనిలో ఒక్క లోపం కావాలి. ఇంతసేపూ వెతికింది దాన్నే. కోయడానికి చోటు వెతుకుతున్నానని పేరు పెట్టుకున్నాను.

భూతద్దంలో ఉంగరం ఆకాశమంత ఉంది. వేలు దాని అంచున మసక. చూపు పక్కకు జరిపాను. ఉంగరానికి అవతల చర్మం నేరేడు రంగుకు తిరిగింది. గోరు మీద నొక్కి వదిలాను. తెల్లబడినచోట రంగు తిరిగి రాలేదు.

"తెలిసిందా అక్కా?"

"ఏది?"

"నొక్కాను."

అక్క బావ వైపు చూసింది. "తెలియలేదు," అంది. ఆ గొంతులో ఇందాకటి ఎకసెక్కెం లేదు.

భూతద్దం తీసి సొరుగులో వేశాను.

"నేనిక అతుకు వెతకను. వేలు చోటిచ్చినచోట కోసేస్తాను. తర్వాత నేను వేసే అతుకు కనబడుతుంది, చెప్తున్నాను."

"కనబడనీరా. నువ్వు చేసినదని నాకూ ఓ గుర్తుండొద్దూ? కానీయ్."

ఉంగరాలు కోసే చిన్న రంపం తీశాను. కింద చర్మానికి అడ్డుండే పల్చటి రేకు, పైన పళ్ళున్న చక్రం. అరచేతి వైపు రేకు దూర్చబోతే వాపు దారివ్వలేదు. పక్కనా ఇవ్వలేదు. పై వైపున, ఆ తీగలో అన్నిటికంటే నిండుగా విచ్చుకున్న ఆకు కింద, రేకు నెమ్మదిగా దూరింది.

"బావా, మణికట్టు గట్టిగా పట్టుకోండి," అని, చక్రాన్ని ఆ ఆకు నడిమి ఈనె మీద ఆనించి తిప్పాను.